నలభై ఏడో జాయింటు దగ్గర దారం

మా బావకి సున్నాలంటే పడదు. ఒక అంకె పక్కన ఆరు సున్నాలు దాటాయంటే కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. ఏడోది కనబడితే రాసినవాణ్ణి పిలిపిస్తాడు. "ఏం నాయనా, లెక్క రాశావా, ముత్యాలదండ గుచ్చావా?" అని అడుగుతాడు. తిట్టడు. తిట్టినా బాగుండేదని ఆయన ఆఫీసులో చాలామంది అనుకుంటారు.

బావ అంటే మా అక్క మొగుడు. డిజైను ఆఫీసులో పని. కట్టబోయే భవనాన్ని ముందు కంప్యూటర్లో కట్టి, దాని మీద బరువులు పెట్టి, గాలి వీయించి, ఎక్కడ ఎంత వంగుతుందో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన తెర మీద కట్టినదాన్ని నేను ఇనుముతో కడతాను. నాన్న నాకు వదిలిపోయిన ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఆడపిల్ల ఇనుమేం కోస్తుందిలే అన్నవాళ్లంతా ఇప్పుడు గేట్లు నా దగ్గరే చేయించుకుంటున్నారు. నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. అవి రెండూ ఉండి కూడా ఈ సంగతిలో నోరు తెరవాల్సిన చోట మూసుకున్నాను, మూసుకోవాల్సిన చోట తెరిచాను. అందుకే బావ కథ చెబుతుంటే మధ్యలో నా కథ కూడా కాస్త వస్తుంది. తిలాపాపం తలా పిడికెడు.

ఆయన పనిలో చిక్కంతా బిగువు దగ్గర వస్తుంది. స్తంభం పునాదిలో ఎంత బిగిసి ఉంది, బోల్టు వేసిన చోట ఎంత వదులుంది, కింద మట్టి ఎంత మెత్తన, ఇవేవీ కంప్యూటరుకి తెలియవు. మనిషే ఒక్కోదానికి ఒక అంకె ఇవ్వాలి. బద్ధకస్తులు గట్టిగా ఉంటుందనుకున్న చోటల్లా ఒకటి పక్కన పదిహేను సున్నాలు పెట్టి చేతులు దులుపుకుంటారు. బావ ఒప్పుకోడు. "లారీలు తూచే కాటా మీద ఏలక్కాయ పెడితే కనబడుతుందా? పక్కవాడికంటే వెయ్యి రెట్లు గట్టివాడని చెప్పు, చాలు. లక్షకోట్ల రెట్లంటే కంప్యూటరు ఆ పక్కవాడి సంగతే మర్చిపోతుంది" అంటాడు.

మరీ మెత్తటి అంకెలకీ ఆయన దగ్గర ఒక నీతి ఉంది. మోడల్లో ఏదైనా జాయింటుని ఒక వైపు ఏదీ పట్టుకుని లేకపోతే కంప్యూటరు లెక్క ఆపేసి, ఇది నిలబడదు పొమ్మంటుంది. ఒక్కోసారి అది ఉత్త చాదస్తం. అటువైపు తోసేదే ఏదీ ఉండదు. అప్పుడు లెక్క నడవడానికి అక్కడ లేనట్టే ఉండే ఒక స్ప్రింగు తగిలిస్తారు. బావ దాన్ని దారం అంటాడు. "దారం కట్టుకోండి, తప్పులేదు. కానీ లెక్కయ్యాక దారం మీద ఎంత బరువు పడిందో చూడండి. సున్నా అయితే సరే. బరువు పడితే అక్కడ దారం కాదు, నిజం తాడు కావాలని అర్థం." ఈ మాట ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పాడు. వెనకాల ఆయన్ని దారం మాస్టారు అంటారు. ఆయనకీ తెలుసు, లోలోపల మురిసిపోతాడు.

ఇక కంటి ఆసుపత్రి వంతెన సంగతి. పాత భవనంలో వార్డులు, కొత్త భవనంలో ఆపరేషన్ గదులు. రెండింటినీ రెండో అంతస్తు ఎత్తులో కలుపుతూ పైకప్పు, కిటికీలు ఉన్న నడవ వంతెన. లెక్క బావది, ఇనుప పని నాది. లోపల జరిగినది బావ తర్వాతెప్పుడో చెప్పాడు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు.

ఆ మోడలు సగం వేరే ఆఫీసులో తయారై వచ్చింది. అందులో నేల కింద, రెండు పక్కల పొడుగు దూలాల మధ్య, ఇంటూ గుర్తులాగా ఏటవాలు యాంగిళ్లు, అంటే ఎల్ ఆకారపు ఇనుప బద్దలు, వరసగా ఉన్నాయి. వంతెన పక్కకి ఊగకుండా పట్టుకునేవి అవే. నడిమధ్య నుంచి పైపులు పోవాలి, ఆ యాంగిళ్లు అడ్డమన్నారు ఆసుపత్రివాళ్లు. బావ నడిమధ్య జత తీసేశాడు. తీసేసి లెక్క నడిపితే కంప్యూటరు ఆగింది. నలభై ఏడో జాయింటు పక్కకి నిలకడగా లేదు అంది.

అంతకంటే తేటగా మనిషి కూడా చెప్పలేడు. కానీ అది డ్రాయింగులు పంపాల్సిన రోజు, బయట ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేల రేకులు ఎలాగూ పట్టుకుంటాయిలే, ఇది చాదస్తమేలే అనుకుని బావ నలభై ఏడు దగ్గర దారం కట్టాడు. ఎప్పుడూ కట్టే దారమే, వెయ్యి. వాళ్ల ఆఫీసులో లెక్కలన్నీ మీటర్లలో నడుస్తాయి. మీటర్ల లెక్కలో వెయ్యి అంటే ఒక భారీ మనిషి బరువంత తోపుకి మీటరు దూరం జరిగిపోయేంత వదులు. కానీ ఈ మోడలు బయటి నుంచి వచ్చింది, అది మిల్లీమీటర్లలో ఉంది. అదే తోపుకి ఇప్పుడు జరిగేది ఒక్క మిల్లీమీటరు. ఆయన దారం అనుకుని కట్టింది దారానికి వెయ్యి రెట్లు గట్టిది, అంటే గొలుసు. తెర మీద ఆ గొలుసు వంతెనని చక్కగా పట్టుకుంది. బయట గాల్లో అక్కడ ఏమీ లేదు. దారం మీద బరువు చూపించే కాగితం ఒకటుంటుంది. ఇన్నేళ్లుగా అందరినీ చూడమన్న ఆ కాగితాన్ని ఆ రోజు ఆయన చూడలేదు. పక్కకి ఊపు ఐదు మిల్లీమీటర్ల లోపు అని వచ్చింది, సంతకం పెట్టాడు.

మార్చిన డ్రాయింగు మా షెడ్డుకి వచ్చేసరికి నడిమధ్య యాంగిళ్లు రెండూ మా మేస్త్రీ కోసేసి, చివర రంధ్రాలు వేసి, నంబరు పంచ్‌తో వాటి జాయింటు నంబరు 47 అని సుత్తితో కొట్టి కూడా పెట్టాడు. మేస్త్రీ నాన్న కాలం నుంచి మా దగ్గరున్న వెల్డరు. నాకు బాబాయ్ వరస పెట్టి పిలవడం అలవాటు. ముక్క కోశాక దాని మీద నంబరు ఆయనే కొట్టాలి, ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు. మర్నాడు బావ షెడ్డుకి వస్తే ఆయన ఒక ప్లేటు చూపించి అడిగాడు.

"అల్లుడుగారూ, ఈ నలభై ఏడు ప్లేటుకి నాలుగు రంధ్రాలున్నాయి. వీటిల్లోకి వచ్చేదేదీ ఇప్పుడు డ్రాయింగులో లేదు. మర్చిపోయారేమో చూడండి."

"మర్చిపోలేదు మేస్త్రీగారూ, తీసేశాం. లెక్క సరిపోయింది."

"లెక్క మీకు తెలుసు. నాకు మాత్రం నడుం దగ్గర చొక్కా గుండీ ఊడినట్టుంది."

బావ నవ్వాడు. నేనూ నవ్వాను. "బాబాయ్, నీకు గుండీలు కుట్టే పని కూడా వచ్చా?" అన్నాను. మేస్త్రీ ఆ రెండు యాంగిళ్లు తీసుకెళ్లి షెడ్డు వెనక గోడకి ఆనించాడు.

వంతెన తెరిచిన మూడు వారాలకి ఫిర్యాదు వచ్చింది. మాట్లాడుకుంటూ గబగబా నడిచిపోయే డాక్టర్లకి, నర్సులకి ఏమీ తెలిసేది కాదు. కంటికి కట్టు కట్టించుకుని తిరిగి వార్డుకి వెళ్లే రోగులు మాత్రం సరిగ్గా నడిమధ్యకి వచ్చి ఆగిపోయేవారట. పక్కనున్న కమ్మీ పట్టుకుని, నేల పక్కకి పోతోందనేవారట. ఒకాయన అక్కడే కూలబడిపోయి, చక్రాల కుర్చీ తెచ్చేదాకా లేవనన్నాడు.

ఆసుపత్రి ఇంజనీరు అందరినీ కూర్చోబెట్టాడు. బావ రిపోర్టు బల్ల మీద ఉంది. దాని ప్రకారం ఊగకూడదు. ఊగుతోందంటే చేసినవాళ్లు సరిగ్గా చెయ్యలేదన్నమాట. బావ నా వైపు చూడకుండా, "అతుకులు ఒకసారి పరీక్ష చేయిస్తే మంచిది" అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు, అప్పటికి ఆయనకీ తెలియదు. ఇప్పుడు నా వంతు. నాన్నే ఉంటే బల్ల గుద్ది మా మేస్త్రీ అతుకు తెగితే నా మెడ తెగినట్టే అనేవాడు. నేనేమన్నానో తెలుసా? "మా మేస్త్రీకి వయసు మీద పడింది. చెయ్యి వణుకుతోందేమో, నేను గమనించలేదు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ గదిలో కోట్లు వేసుకున్నవాళ్లు ఆరుగురున్నారు, నా చేతికి గ్రీజు ఉంది. తప్పు నా షెడ్డుదే అయినా అందులో ఒక్క మనిషిదై ఉంటే బాగుండుననిపించింది. మర్నాడు పొద్దున్నే, "బాబాయ్, పరీక్షలవాళ్లు వచ్చేదాకా నాలుగు రోజులు ఇంట్లో ఉండు" అన్నాను.  ఆయన వెల్డింగు ముసుగు తీసి మేకుకి తగిలించి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. పరీక్షలవాళ్లకి వచ్చే నెలదాకా తీరిక లేదట.

ఈ మధ్యలో మా అక్క అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అదే ఆసుపత్రిలో. ఒక కంటికి కట్టు, రెండో కంటికి శుక్లం ఇంకా తియ్యలేదు. మధ్యాహ్నం బావ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వంతెన మీదుగా వార్డుకి తీసుకొస్తున్నాడు. ఎదురుగా నలుగురైదుగురు నర్సులు జట్టుగా వస్తున్నారు. నడిమధ్యలో అత్తయ్య ఆగిపోయింది.

"ఒరే, నేల పక్కకి పోతోందిరా."

"ఏం లేదమ్మా, నడువు. కళ్లు తిరుగుతున్నాయేమో."

"కళ్లే లేవు, తిరగడానికి. నేలే తిరుగుతోంది. ఎవడు కట్టాడ్రా దీన్ని? వాడి తల్లి వాణ్ణి ఏం పెంచిందో గానీ."

ఆ నర్సులు నవ్వారు. బావ కూడా నవ్వాడట. అంతవరకు ఆయన ఆ వంతెన మీద పదిసార్లు నడిచాడు, ఏమీ తెలియలేదు. ఇప్పుడు తల్లి బరువంతా ఆయన చేతి మీద ఉంది. ఆ బరువు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, గడియారం లోలకంలా వాలుతోంది. కిందికి చూస్తే కాళ్ల దగ్గర నేల రేకు అతుకు కనబడింది. దాని కింద ఏ జాయింటుందో ఆయనకి కంఠతా వచ్చు.

మర్నాడు ఆఫీసుకి అందరికంటే ముందు వెళ్లి ఆ మోడలు తెరిచాడు. చూడని కాగితం చూశాడు. సున్నా ఉండాల్సిన చోట నాలుగంకెల సంఖ్య ఉంది. వంతెనని పక్క నుంచి తోసే తోపులో మూడొంతులు ఆయన దారమే మోస్తోంది. ఆ కాగితం అచ్చు తీసి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

దొంగకి తేలు కుట్టినట్టు పదకొండు రోజులున్నాడు. మా ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు, నా ఎదురుగానే. "మేస్త్రీ లేకపోతే పని సాగడం లేదు బావా" అన్నాను నేను. "అవును, కష్టమే" అన్నాడు. ఆ జేబులో కాగితం అప్పుడూ ఉంది. ఇది చెప్పినప్పుడు ఆయన మెడ కూడా ఎర్రబడింది. చెప్పలేక కాదట, రోజూ చెప్పాలనే లేచేవాడట. మొదటి రోజు చెప్పకపోతే రెండో రోజు రెండు తప్పులు చెప్పాలి, మూడో రోజు మూడు. అలా పెరుగుతూ పోయింది.

పన్నెండో రోజు ఆదివారం. ఇంజనీర్ల సంఘం హాల్లో పొద్దున్న పదింటికి ఆయన ఉపన్యాసం. మూడు నెలల కిందటే ఖాయమైంది. బిగువు ఎంతిస్తే సబబు అన్నది విషయం. అక్క నన్ను కూడా లాక్కెళ్లింది. మూడో వరసలో కూర్చున్నాం.

బాగా చెప్పాడు. నిజం చెప్పాలంటే అంత బాగా చెప్పడం ఎప్పుడూ వినలేదు. లారీ కాటా, ఏలక్కాయ దగ్గర హాలంతా నవ్వింది. తర్వాత దారం దగ్గరికి వచ్చాడు. "ఒక ఇంజనీరు ఉన్నాడు" అని మొదలుపెట్టాడు. ఆ ఇంజనీరు కంప్యూటరు నిజం చెబితే దాని నోరు నొక్కాడన్నాడు. మీటర్లనుకుని మిల్లీమీటర్లలో దారం కట్టాడన్నాడు. గొలుసు కట్టి దారం అనుకున్న ఆ మహానుభావుడి గురించి విని హాలు పగలబడి నవ్వింది. మా అక్క చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నేనూ నవ్వేదాన్నే. కానీ తెర మీద మోడలు బొమ్మ వేశాడు. వంతెన పేరు చెరిపేశాడు, ఆసుపత్రి పేరు చెరిపేశాడు. ఎర్ర గుండ్రం గీసిన జాయింటు పక్కన అంకె మాత్రం చెరపడం మర్చిపోయాడు. నలభై ఏడు.

ఇంజనీర్లకి ఆ అంకె ఏమీ కాదు. నాకది మేస్త్రీ చేతి సుత్తి దెబ్బ. తెర మీంచి చూపు తిప్పి బావని చూశాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సున్నా ఒక్కటీ లేని ఆ బొమ్మ ముందు నిలబడి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

చప్పట్లయ్యాయి, పూలగుత్తి ఇచ్చారు. బయట కుర్చీలు పేర్చిన వరండాలో పట్టుకున్నాను.

"ఆ ఇంజనీరు ఎవరు బావా?"

"ఉన్నాడులే ఒకడు."

"నా షెడ్డు వెనకాల వాడివి రెండు యాంగిళ్లు పడున్నాయి. చూద్దువుగాని పద."

 అక్కని ఆటో ఎక్కించి, ఇద్దరం షెడ్డుకి వెళ్లాం. ఆదివారం కదా, ఎవరూ లేరు. వెనక గోడ దగ్గర యాంగిళ్లు అలాగే ఆనించి ఉన్నాయి. రోజూ వాటి పక్కనుంచే నేను నీళ్ల కుళాయికి వెళ్తాను. వైరు బ్రష్‌తో తుప్పు రుద్దితే 47 తేలింది, నాలుగూ ఏడూ రెండూ సమానమైన లోతులో, వంకర లేకుండా. చెయ్యి వణికేవాడు కొట్టిన అంకెలు కావవి. ఆ మాట నాకు అప్పుడే తట్టింది, ఆ గదిలో తట్టాల్సింది.

బావ ఇనుప దూలాల మీద కూర్చుండిపోయాడు. జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీసి నాకిచ్చాడు. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా చదివినట్టు చూశాను. "వాళ్లు నవ్వుతుంటే హాయిగా అనిపించింది" అన్నాడు. "నిజం చెప్పేసినట్టే ఉంది. చెప్పలేదని మళ్లీ వెంటనే తెలిసింది. అంత నీచంగా నా బతుకులో ఎప్పుడూ అనిపించలేదు." నాలుగు తిట్లు తిడదామని నోటిదాకా వచ్చింది. కానీ ఏ మొహం పెట్టుకుని తిట్టను? ఆయన పదకొండు రోజులు మాట్లాడలేదు, నేను ఒక్క రోజు మాట్లాడాను. రెండింటిలో ఏది పెద్దదో తూచే కాటా నా దగ్గర లేదు.

మేస్త్రీ ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో ఆయనే చేసిన ఇనుప మంచం. ఆయన భార్యని నేను పిన్ని అంటాను. తలుపు తీసి, బావ చేతిలో పూలగుత్తి చూసి, ఆవిడ మొహం విప్పారింది. అప్పుడు గాని మాకు అది ఇంకా ఆయన చేతిలోనే ఉందని తెలియలేదు. "ఇవన్నీ ఎందుకు తెచ్చారు అల్లుడుగారూ" అంటూ తీసుకెళ్లి గ్లాసులో నీళ్లు పోసి పెట్టింది. అది వాళ్ల కోసం తెచ్చింది కాదని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

మేస్త్రీ లుంగీ సర్దుకుని మంచం మీద కూర్చున్నాడు. బావ కూర్చోలేదు.

"మేస్త్రీగారూ, వంతెన ఊగడం మీ పనివల్ల కాదు. నా లెక్క తప్పు. మీరు ఆ ప్లేటు చూపించి అడిగారు చూడండి, అదే తప్పు. నాకు తెలిసి పదకొండు రోజులైంది."

 "పదకొండా?" అన్నాడు మేస్త్రీ.

"పదకొండు."

"మొన్న బుధవారం నేను అక్కడికి వెళ్లాను అల్లుడుగారూ. చుట్టాల్ని చూసే టైములో, ఎవరినో చూడ్డానికి వచ్చినట్టు. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి అందినంత మేరా అతుకులు తడిమాను. బాగానే ఉన్నాయనిపించింది. అనిపించినా నమ్మకం కుదరలేదు. చేసింది ఈ చెయ్యే, చూస్తోందీ ఈ చెయ్యే. దీని మాట ఎవరు నమ్ముతారని." అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఇంటికొచ్చి ఈమెతో చెప్పాను, నా చెయ్యి పోయిందే అని."

బుధవారానికి బావ జేబులో కాగితం చేరి వారం. ఆయన గోడకి ఆనుకున్నాడు. తప్పు చేశానన్నదానికంటే, తప్పు చెయ్యనివాడు తన చేతిని తనే అనుమానించేదాకా చూస్తూ ఊరుకున్నానన్నది ఆయన్ని తినేసింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఒక్క మాటే చెప్పుకునేవాడు.

మేస్త్రీ నా వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"చెయ్యి వణుకుతోందని నువ్వన్నావట కదమ్మా."

ఆ గదిలో మాట బయటికి ఎలా వచ్చిందో తెలియదు. ఆయన రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు కిందికి పెట్టి, నా మొహం ముందు ఉంచాడు. కాలిన మచ్చలు, మొద్దుబారిన వేళ్లు. గాలి లేని రోజు ఆకు కూడా అంతకంటే కదులుతుంది.

"వణుకుతోందా?"

"లేదు బాబాయ్."

"అప్పుడూ లేదు" అని చేతులు దించేశాడు.

పిన్ని కాఫీ పెట్టి తెచ్చింది. తాగాం. ఎలా మింగామో మాకే తెలియాలి.

సోమవారం బావ ఆసుపత్రికి, భవనం కట్టిన కంట్రాక్టరుకి, తన ఆఫీసుకి ఒకే ఉత్తరం రాశాడు. అందులో ఒక ఇంజనీరు అన్న మాట లేదు, నేను అని ఉంది. తప్పేదో, తెలిసిన తేదీ ఏదో, చెప్పిన తేదీ ఏదో మూడూ రాశాడు. కావాలంటే తెలిసిన తేదీ రాయకుండా ఉండొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. ఆఫీసులో మిగతావాళ్ల లెక్కలు చూసి సంతకం పెట్టే పని ఆయన్నుంచి తీసేశారు. ఇప్పుడు ఆయన లెక్కలే ఇంకొకరు చూస్తున్నారు. దారం కాగితం అన్నిటికంటే పైన పెట్టి ఇస్తాడట, అడక్కుండానే. దారం మాస్టారన్న పేరు మాత్రం పోలేదు. ముందు వినబడనట్టు నటించేవాడు, ఇప్పుడు తల వంచుకుంటాడు. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అంటారే, ఆ హాల్లో నవ్విన నవ్వులన్నీ ఇప్పుడు తిరిగొచ్చి తగులుతున్నాయి ఆయనకి.

పైపులు పక్కకి జరిపారు. వెనక గోడకి ఆనించిన యాంగిళ్లే తీసుకెళ్లి బిగించాం. రంధ్రాలు సరిగ్గా కలిశాయి, ఒక్కటి కూడా పెద్దది చెయ్యాల్సిన పని లేకపోయింది. బిగించింది మేస్త్రీయే. రమ్మని అడగడానికి నాకు ముఖం చెల్లక అక్కని పంపితే, పని కదా, వస్తానన్నాడట. ఆ వారంలోనే పరీక్షలవాళ్లు కూడా వచ్చారు. నూట పన్నెండు అతుకుల్లో ఒక్కదానికీ వంక పెట్టలేకపోయారు.

నెల తిరిగాక అత్తయ్య రెండో కంటి ఆపరేషన్. ఈసారి బావ దారిలోనే చెప్పేశాడు, నడిమధ్యలో ఆగి, కట్టింది నేనేనమ్మా అని. ఆవిడ పక్కనున్న కమ్మీ పట్టుకుంది. "అయితే ఆ రోజు నన్ను నేనే తిట్టుకున్నానన్నమాట" అంది. బావ నవ్వబోయాడు గానీ ఆవిడ నవ్వడం లేదు. వార్డు దాకా కొడుకు చెయ్యి వదిలేసి, కమ్మీ పట్టుకునే నడిచింది.

మేస్త్రీ మళ్లీ పనిలోకి వచ్చాడు. మాటల్లో ఏ తేడా లేదు, అల్లుడుగారూ అంటాడు, అమ్మాయ్ అంటాడు, మునుపటిలాగే జోకులు వేస్తాడు. ఒక్కటే మారింది. సాయంత్రం ఆరింటికి మిషను ఆపి, ముసుగు పైకి లేపి, "అమ్మాయ్, వచ్చి చూడు" అని పిలుస్తాడు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆయన పని ఎవరూ చూడలేదు. చూడాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

మొదటి రోజు, "నీ పని నేను చూడటమేంటి బాబాయ్" అన్నాను.

"చూడు. చూసి పుస్తకంలో రాయి. రేపు ఎవరైనా అడిగితే నీ దగ్గర చెప్పడానికి ఒకటుంటుంది."

అప్పటినుంచి రోజూ టార్చి పట్టుకుని వంగి ఒక్కో అతుకూ చూస్తున్నాను. ఏమీ ఉండదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. పుస్తకంలో తేదీ వేసి, బాగుంది అని రాసి, సంతకం పెడతాను. పెట్టేదాకా ఆయన పక్కనే నిలబడి ఉంటాడు. ఒక్కోరోజు ఆ సమయానికి బావ షెడ్డుకి వస్తాడు. నేను టార్చి తీయగానే గేటు దాకా వెళ్లి, రోడ్డు వైపు తిరిగి నిలబడతాడు.